నాలుగు ఎత్తుల బందోబస్తు

కల్వకుర్తి గంజ్‌లో, అంటే మార్కెట్ యార్డులో, ఆడే చదరంగం టీవీలో చూపించే చదరంగం కాదు. ఈ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే నేను చెప్పబోయేదానిలో సగం మీకు అందదు. గంజ్ ఆటలో బంటు ఎప్పుడైనా ఒక్క గడే నడుస్తుంది. రాజుకు కోట కట్టుకోవడం ఉండదు. దానికి బదులు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆట మొదలుపెట్టేవాడు తన సగం దాటకుండా వరుసగా నాలుగు ఎత్తులు ఒకేసారి వేసుకుంటాడు. తర్వాత ఎదుటివాడు తన నాలుగూ వేసుకుంటాడు. అక్కడి నుంచి ఒకరి తర్వాత ఒకరు ఆడతారు. ఆ మొదటి నాలుగు ఎత్తులను మావాళ్ళు బందోబస్తు అంటారు.

ఎవరి బందోబస్తు వాళ్ళదే. పత్తి, పల్లికాయ బస్తాల మధ్య గళ్ళ గుడ్డ పరిచి ఆడే ఆ పెద్దమనుషుల్లో ఎవరూ ఇంకొకరి బందోబస్తు పెట్టరు. పెడితే చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోరు, ఆట అయిపోయేదాకా ఎగతాళే. మా బాపుది మరీ విడ్డూరం. రెండు గుర్రాలను బయటికి తెచ్చేవాడు, మంత్రి ముందున్న బంటును ఒక గడి జరిపేవాడు, నాలుగో ఎత్తుగా కుడి అంచున ఏనుగు ముందున్న బంటును జరిపేవాడు. ఆ అంచు బంటు దేనికి పనికొస్తుందని చిన్నప్పుడు అడిగాను.

"ఏనుగుకు గాలాడాలె గద బిడ్డా" అన్నాడు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ నాలుగు ఎత్తులను బాపు గుడ్డ వైపు చూడకుండానే పెట్టేవాడు. నోరు పక్కవాడితో మాట్లాడుతుండేది, చేయి తన పని తాను చేసుకుపోయేది. ఆయన బస్సు కండక్టరు. మా తాత జీవితమంతా పరాయి చేలల్లో పాలేరుగా చేసినవాడు. మా వాడకట్టులో నెల జీతం, ఖాకీ బట్టలు చూసిన మొదటి మనిషి బాపు. అందుకే కాస్త గొంతు పెద్దది, గొప్పలు ఎక్కువ. ఆ రెండూ నాకూ వచ్చాయి, దాచుకోను.

రాష్ట్రం వచ్చిన కొద్దికాలానికి బాపు రిటైరయ్యాడు. కల్వకుర్తి కొత్త జిల్లాలో కలిసినా ఆయన ఇప్పటికీ మాది పాలమూరు అనే చెబుతాడు. రిటైరయ్యాక రోజూ పొద్దున చాయ తాగి గంజ్‌కు పోవడం, ఆదివారమైతే చర్చి నుంచి నేరుగా పోవడం. అక్కడ ఆయన కోసం పత్తి మిల్లులో లెక్కలు రాసే మున్షీ కాచుకుని ఉండేవాడు. మున్షీ కాక అంటాను నేను. వాళ్ళిద్దరి పోటీ నేను పుట్టకముందు మొదలైంది. ఇద్దరిలో ఎవరు గొప్పో ఇప్పటికీ తేలలేదు, తేలడం ఇద్దరికీ ఇష్టం లేదు.

నేను నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. చదరంగం ఆడే ప్రోగ్రామును ఇంజిన్ అంటారు. అలాంటిది నేనొకటి సొంతంగా రాశాను. ఆ మాట చెబితే బాపు, "ఇంజినా? లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తది?" అని గంజ్‌లో అందరికీ చెప్పుకుని నవ్వాడు. ఫోన్లో ఉచితంగా దొరికే ఇంజిన్లు ప్రపంచ విజేతలనే మట్టి కరిపిస్తాయి. నాది వాటి కాలిగోటికి చాలదు, నిజమే. కానీ అందులోని ప్రతి వరుసా నేను రాసింది. ఎవరింట్లోనో పట్టుచీర ఉంటే నాకేంటి, నేను నేసుకున్న నేతచీర నాకు ముద్దు.

మా కాలేజీలో లెక్కల సారు టోర్నమెంట్లు ఆడే మనిషి. మధ్యాహ్నం అన్నం తిన్నాక స్టాఫ్ రూములో నా ఇంజిన్‌తో ఆడేవాడు. మొదటి రోజు గెలిచాడు. రెండో రోజు గెలిచాడు. మూడో రోజు నేను వెనక నిలబడి చూస్తే తెలిసింది, ఆయన ప్రతిరోజూ అచ్చం అదే ఆట ఆడుతున్నాడు. నా ఇంజిన్ కూడా ప్రతిరోజూ అదే ఆట ఆడుతోంది. ఒకే లెక్క ఇస్తే ఒకే జవాబు చెప్పడం దాని గుణం. ఆయన ఒకసారి దారి కనుక్కుని, రోజూ అదే దారిలో వచ్చి నా రాజును కట్టేసి పోతున్నాడు. పైగా చేయి తుడుచుకుంటూ, "మీ ఇంజిన్‌కు అన్నం అరిగినట్టు లేదు మేడమ్" అనేవాడు. నాకు మండుకొచ్చింది.

అప్పుడు ఓపెనింగ్ పుస్తకం కట్టాను. పేరుకే పుస్తకం. అది గొప్ప ఆటగాళ్ళు ఆట మొదట్లో ఎక్కడ ఏ ఎత్తు వేశారో పోగుచేసి పెట్టిన ఒక ఫైలు. బల్ల మీద ఉన్న అమరిక ఆ ఫైలులో దొరికినంతసేపూ ఇంజిన్ ఆలోచించదు. వెతుకుతుంది, దొరికిన రెండు మూడు ఎత్తుల్లో ఒకటి తీస్తుంది, రెప్పపాటులో వేసేస్తుంది. ఫైలులో లేని అమరిక ఎదురైనప్పుడే దాని సొంత బుర్ర పని మొదలవుతుంది.

దాంతో లెక్కల సారు ఆట తిరగబడింది. ఇవాళ ఒక తీరు, రేపు ఒక తీరు. ఆయన కంఠస్థం చేసుకున్న ఉచ్చుల్లో ఒక్కటీ పారలేదు, ఎందుకంటే ఆ ఉచ్చులన్నీ నా పుస్తకంలోనూ ఉన్నాయి. ఇంకో లాభం నేను అనుకోనిది. మొదటి పదీ పన్నెండు ఎత్తులకు ఇంజిన్‌కు గడియారం ఖర్చు కాలేదు. ఆ మిగిలిన సమయమంతా ఆట నడిమిట్లో, నిజంగా కష్టమైన చోట వాడుకుంది. వారం గడిచేసరికి సారు తల పట్టుకున్నాడు.

"గిప్పుడు నేను మీ ఇంజిన్‌తోని ఆడుతున్ననా మేడమ్, ఎప్పుడో చచ్చిపోయిన పెద్దోళ్ళతోని ఆడుతున్ననా?" అన్నాడు.

అయితే ఆయనా తక్కువ తిన్నవాడు కాదు. తర్వాతి వారం మూడో ఎత్తుకే ఎవరూ వేయని పిచ్చి ఎత్తు ఒకటి వేశాడు. పుస్తకం అక్కడితో ఆగిపోయింది. నా ఇంజిన్ కళ్ళు తెరిచి చూసుకుంటే తన బలగమంతా ఎవరో పెద్దమనిషి నిలబెట్టిన చోట్లలో ఉంది. ఎందుకు నిలబెట్టాడో దానికి తెలియదు. అది చేసిన మొదటి పని, ముందుకు వచ్చిన ఒంటెను మళ్ళీ ఇంటికి తోలుకుపోవడం. స్టాఫ్ రూము మొత్తం పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

ఇవన్నీ చూశాక నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. ఎదుటి మనిషి పుస్తకాలు చదివి ఆడేవాడైతే, ఇంజిన్‌కు పుస్తకం ఉండటం చాలా పెద్ద బలం. ఎదుటివాడు పుస్తకం ముఖం చూడనివాడైతే పుస్తకం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఈ మాట కాలేజీలో ఒక సెమినార్‌లో మైకు పట్టుకుని ధీమాగా చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు. అందులో రెండో సగం తప్పని కల్వకుర్తిలో మా ఇంటి అరుగు మీద తెలిసింది.

బాపుకు గుండె ఆపరేషన్ అయింది. పట్నంలో పెద్ద దవాఖానలో చేశారు, మంచిగానే అయింది. నెల తిరిగేసరికి నడిచాడు, రెండో నెల గంజ్‌కు పోయాడు. పోయి ఓడిపోయాడు. మళ్ళీ పోయి మళ్ళీ ఓడిపోయాడు. తర్వాత పోవడం మానేశాడు. ఆ సంగతి అమ్మ ఫోన్ చేసి చెప్పేదాకా నాకు తెలియదు.

"మీ బాపు గంజ్‌కు పోతలేడు బిడ్డా. గోడ దిక్కు మొఖం పెట్టి పంటాండు" అంది అమ్మ.

"ఓడిపోతే ఏమైందే? ఇంతకుముందు ఓడలేదా?"

"గదే నేనూ అన్న. తలకాయ పోయిందంటాండు. మత్తు మందు ఇచ్చి తలకాయ ఖాళీ చేసిండ్రంటాండు. బ్యాంకుకు పొమ్మంటే నువ్వే పో అంటాండు. మొన్న బస్సెక్కనీకి కూడా భయపడ్డడు."

బస్సెక్కడానికి బాపు భయపడ్డాడంటే నేను నమ్మలేకపోయాను. బతుకంతా బస్సులో నిలబడ్డ మనిషి. డాక్టరును అడిగితే తలకు ఏమీ కాలేదన్నాడు, పరీక్షలన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. ఆ కాగితాలు బాపు ముందు పెట్టినా లాభం లేకపోయింది. ఆయనకు డాక్టరు మాట మీద గురి లేదు, గంజ్ గుడ్డ మీద ఉంది. గుడ్డ ఏం చెప్పిందో అదే ఆయన నమ్మాడు. అది ఇంకోలా చెబితే తప్ప ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరగడని నాకు అర్థమైంది. భయమేసింది కూడా. ఇలాంటి పడకలు అలవాటైపోతే ఇక లేవరు.

నాకు తోచిన మందు నాకుంది. బాపును గెలిపించాలి. మనుషులు జాలిపడి ఓడిపోతే కనిపెట్టేస్తాడు. మిషను మీద గెలిస్తే నమ్ముతాడు. దసరా సెలవుల్లో కాలేజీ ల్యాబులో కూర్చుని ఇంజిన్‌కు గంజ్ పద్ధతులు నేర్పాను. బంటు ఒక గడి, రాజు దూకుడు, నాలుగు ఎత్తుల బందోబస్తు, అన్నీ. దానితో దాన్నే ఆడించి, వచ్చిన ఆటల నుంచి గంజ్ ఆటకు కూడా ఒక ఓపెనింగ్ పుస్తకం తయారుచేశాను. ఎవరు ఏ బందోబస్తు పెట్టినా తర్వాతి కొన్ని ఎత్తులకు జవాబు అందులో ఉంటుంది. తర్వాత ఇంజిన్ బుర్రను కట్టేశాను. రెండు ఎత్తులకన్నా ముందుకు చూడకుండా చేశాను. అంటే నిన్నగాక మొన్న నేర్చుకున్న పిల్లకన్నా కాస్త నయం, అంతే. పుస్తకాన్ని మాత్రం అలాగే ఉంచాను. బాపు పుస్తకాల మనిషి కాదు గదా, ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అనుకున్నాను. సెమినార్‌లో నేను చెప్పిందే నేను నమ్మాను.

దేవరకొండ మీదుగా పోయే బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కల్వకుర్తిలో దిగాను. తెల్లారి టిఫిన్ అయ్యాక అరుగు మీద గుడ్డ పరిచాను. మిషను వేసే ఎత్తును నేను చూసి గుడ్డ మీద వేయాలి, బాపు వేసిన ఎత్తును మిషన్‌కు చెప్పాలి. బాపు బతిమాలించుకుని బతిమాలించుకుని వచ్చి కూర్చున్నాడు. చొక్కా గుండీల మధ్య నుంచి ఆపరేషన్ గీత కనిపిస్తోంది. మనిషి సగమయ్యాడు.

బాపు తన నాలుగు ఎత్తులు పెట్టడానికి చాలాసేపు తీసుకున్నాడు. నీరసం అనుకున్నాను. మిషను తన నాలుగూ టక్కున పెట్టింది. బాపు తలెత్తి చూశాడు. తర్వాత ఆయన బాగా ఆలోచించి ఒక బంటు జరిపాడు. నేను ఆ ఎత్తు కొట్టి చేయి తీసేలోపే జవాబు వచ్చింది. ఆయన ఇంకా ఎక్కువ ఆలోచించి గుర్రాన్ని కదిపాడు. మళ్ళీ రెప్పపాటులో జవాబు. నేను సంతోషంగా గుడ్డ మీద పావులు జరుపుతున్నాను, ఎంత బాగా పనిచేస్తోందో చూడు అన్నట్టు. బాపు నుదురు మీద చెమట పట్టింది. చేయి పావు మీదికి పోవడం, వెనక్కి రావడం. ఇంకో మూడు నాలుగు ఎత్తులు అట్లే నడిచాయి. ఒక్కసారిగా రాజును పక్కకు పడుకోబెట్టి లేచాడు.

"నేను ఇంత ఆలోచన చేస్తే అది చిటికెల కొడ్తాంది. ఇగ నాతోని కాదు. తీసెయ్ బిడ్డా" అని లోపలికి పోయి పడుకున్నాడు.

నేను గుడ్డ వైపు చూశాను. బాపు ఓడిపోలేదు. నిజం చెప్పాలంటే ఆయనదే పైచేయి. పుస్తకం అప్పుడే అయిపోయింది, తర్వాతి ఎత్తు నుంచి ఆ మిషను తన సొంత బుర్రతో ఆడాలి. ఆ బుర్రను నేను కట్టేసి పెట్టాను. ఇంకో అయిదారు ఎత్తులు కూర్చుని ఉంటే బాపు దాన్ని చీల్చి చెండాడేవాడు. గెలుస్తున్న ఆటను వదిలేసి పోయాడు.

తప్పంతా నీదేనంది అమ్మ. "పానం బాగలేనోన్ని తెచ్చి మిషన్‌తోని కొట్టిస్తవా?" అని తిట్టింది. నేను ఒప్పుకోలేదు, ఆ పూట అన్నం కూడా అలిగి తినలేదు. కానీ తలలో ఒకటే తిరుగుతోంది. పుస్తకం ఆ ఆటలో ఇంజిన్‌కు వీసమెత్తు బలం ఇవ్వలేదు. అది చేసిందల్లా ఎదుటి మనిషి బలం లాగేయడం. అంత వేగంగా వచ్చే జవాబు వెనక అంత పెద్ద బుర్ర ఉందని బాపు అనుకున్నాడు. లెక్కల సారుకు అది కంఠస్థమని తెలుసు, అందుకే విసుక్కున్నాడే తప్ప భయపడలేదు. తెలియనివాడి మీదే ఆ వేగం ఎక్కువ పనిచేసింది. సెమినార్‌లో నేను చెప్పినదానికి సరిగ్గా తలకిందులు.

మధ్యాహ్నం బాపు పక్కన కూర్చుని అంతా చెప్పాను. అది ఆలోచించి ఆడలేదు, వల్లెవేసిందని చెప్పాను. బాపు గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు.

"అంటే చూసి రాసిందా?" అన్నాడు.

"చూసి రాసినట్టే. నువ్వు బస్సుల టికెట్ కొట్టేటప్పుడు ఏ స్టేజీకి ఎంతనో లెక్క చేస్తుంటివా?"

"లెక్క ఏంది? మనిషి ఊరి పేరు చెప్పకముందే నోటికొస్తుండె."

"గంతే. అది గట్లనే చేసింది. పైగా దాని తలకాయ నేను కట్టేసిన. నువ్వు లేచి వచ్చిన ఆట నువ్వు గెలిచేదే."

ఇది విని ఆయన సంతోషపడతాడనుకున్నాను. అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. చూసి రాసే దొంగ మిషన్‌ను తెచ్చినందుకు కొంత కోపం, తనను గెలిపించడానికి దాన్ని కట్టేసినందుకు అంతకు మూడింతల కోపం. నన్ను గట్టిగా తిట్టాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన గొంతు వాకిట్లోకి వినబడింది. వంటింట్లో ఉన్న అమ్మ గరిటె పట్టుకుని అట్లే బయటికొచ్చి నిలబడింది.

"దాని పుస్తకం గుంజెయ్. కట్లు ఇప్పు. నాకెవ్వడు దయ చూపెట్టొద్దు" అన్నాడు బాపు.

చెప్పినట్టే చేశాను. పుస్తకం తీసేశాను, బుర్రకు కట్టిన కట్లు విప్పేశాను. ఇద్దరికీ సమానంగా గడియారం పెట్టాను. ఎండ తగ్గాక అరుగు మీద రెండో ఆట మొదలైంది. ఈసారి మిషను తన నాలుగు ఎత్తులకే తెగ ఆలోచించింది. తెర మీద చిన్న చుక్క తిరుగుతూ ఉండిపోయింది. ఇంత ఆలోచించి అది పెట్టిన బందోబస్తు చూసి బాపు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"గిదేం ఆటనే? పెండ్లికి పోనీకి బట్టలు తీసి, మల్ల బీరువాల పెట్టినట్టుంది" అన్నాడు.

నిజమే, ఒక గుర్రాన్ని బయటికి తీసి మళ్ళీ లోపల పెట్టుకుంది. బాపు భయం పోయింది. నాకు కూడా ఊపిరి వచ్చింది. కానీ అప్పుడు నేను గడియారం చూశాను. మిషను ఎంత వాడుకుందో బాపు కూడా దాదాపు అంతే వాడుకున్నాడు. ఇంకా మొదటి నాలుగు ఎత్తులే. ఆయన గుడ్డ మీద పెట్టింది నేను చిన్నప్పటి నుంచి చూసిన బందోబస్తు కాదు. ఒక గుర్రం బయటికి వచ్చింది, ఇంకోటి రాలేదు. మధ్య బంట్లు మూడు ఒక్కో గడి జరిగాయి. అంచు బంటు కదలలేదు. పొద్దుటి ఆటలో కూడా ఇంతేనని అప్పుడు గుర్తొచ్చింది. ఎవరైనా పెట్టే ఎత్తులవి. ఆయనవి కావు.

ఆట నడిమిట్లోకి వచ్చింది. నా ఇంజిన్‌కు గడియారంలో పెద్దగా ఏమీ మిగల్లేదు. తొందరపడి ఒక ఒంటెను ఏ కాపలా లేకుండా వదిలేసింది. బాపు ఏనుగు ఎదురుగా ఉంది, చేయి చాపి తీసుకోవడమే. ఆయన చూడలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, చూపు గుడ్డ మీద నిలవడం లేదు. పొలం దున్ని వచ్చినట్టు అలసిపోయాడు. రెండు వైపులా అదే రోగం. ఉన్న శక్తంతా వాకిట్లోనే ఖర్చుపెట్టి, అసలు పని దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. నేను గడియారం ఆపేశాను.

"బాపూ, నీ బందోబస్తు ఏది?" అన్నాను.

"పెట్టిన గద."

"గది నీది కాదు. అంచు బంటు ఏది? నువ్వు చూడకుండ పెడ్తుంటివి."

బాపు గుడ్డ అంచును వేలితో సాఫు చేస్తూ కూర్చున్నాడు.

"చూడకుండ పెడితే తలకాయ నడుస్తాందో లేదో నాకెట్ల తెలుస్తది బిడ్డా?" అన్నాడు చివరికి. "గది చెయ్యి పెడ్తది. నేను తలకాయను చూసుకుంటున్న. ఎత్తుకెత్తుకు చూసుకుంటున్న, ఉన్నదా, పోయిందా అని."

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచీ ఈ మనిషి ఆట ఆడటం లేదు. ఎత్తు ఎత్తుకూ తనను తాను పరీక్ష పెట్టుకుంటున్నాడు. బతుకంతా చేతికి వచ్చిన నాలుగు ఎత్తులను పక్కన పెట్టి, వాటిని కొత్తగా కనిపెట్టడానికి చెమటోడుస్తున్నాడు. ఆట నడిమిట్లోకి వచ్చేసరికి అలసిపోయి ఓడిపోతున్నాడు, ఓడిపోయినందుకు తల పోయిందని తీర్పు చెప్పుకుంటున్నాడు. పుస్తకం తీసేసిన నా ఇంజిన్ చేసిందీ ఇదే.

కళ్ళు తుడుచుకుని గట్టిగానే చెప్పాను. మా ఇంట్లో మెల్లగా చెబితే ఎవరూ వినరు.

"నీ తలకాయకు ఏం కాలే బాపూ. నీ పుస్తకం నువ్వే మూసి పెట్టినవ్. మిషన్ పుస్తకం గుంజేస్తే ఏమైందో చూసినవ్ గద, ఒంటెను వదిలిపెట్టింది. నువ్వు దాన్ని చూడనన్న చూడలే. మొదటి నాలుగు చెయ్యిని పెట్టనియ్యి. తలకాయను నడిమిట్ల ఆటకు దాచుకో."

"ఒంటెనా? ఏడుంది ఒంటె?" అని ఆయన గుడ్డ మీదికి వంగాడు. చూశాడు. నాలుక కరుచుకున్నాడు. ఏనుగుతో దాన్ని ఎత్తి పక్కన పెట్టి, "ఇది లెక్కల రాదు, నువ్వు చెప్పినవ్" అని మళ్ళీ దాని జాగాలో పెట్టేశాడు. ఆ రాత్రి అన్నం కడుపునిండా తిన్నాడు.

తెల్లారి నేను నల్లగొండ బస్సుకు సర్దుకుంటుంటే బాపు చెప్పులేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎక్కడికి అని అమ్మ అడగబోతే నేను చేయి అడ్డం పెట్టాను. బస్సు పోతే పోయిందని సంచి అరుగు మీద పడేసి ఆయన వెనకే నడిచాను. గంజ్‌లో పత్తి వస్తున్న రోజులు. బండ్లు, ట్రాక్టర్లు, హమాలీల కేకలు. షెడ్డు మూలన గుడ్డ పరిచి మున్షీ కాక ఎవరితోనో ఆడుతున్నాడు. బాపును చూడగానే ఆ ఆట సగంలో కలిపేశాడు. ఎదుటివాడు లబోదిబోమన్నా వినలేదు.

"రా, కూసో. జర మెల్లగ కూసో. తొందరేం లేదు, ఆలోచన చేసుకుంట ఆడు" అన్నాడు మున్షీ కాక. జబ్బు మనిషితో మాట్లాడే గొంతు అది. ఆపరేషన్ తర్వాత బాపు మీద ఆ గొంతుతోనే గెలిచాడని నాకు అర్థమైంది. గెలవడం ఆయనకూ రుచించలేదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

బాపు కూర్చున్నాడు. పావులు సర్దడం అయింది. మొదలుపెట్టేది బాపు. చేయి గుడ్డ మీద ఆగింది. ఆయన కళ్ళు పావుల మీద తిరగడం మొదలుపెట్టాయి, అరుగు మీద తిరిగినట్టే. నేను నోరు తెరిస్తే ఇది నా ఆట అవుతుంది.

అప్పుడే పక్కన హమాలీ ఒకడు బస్తా దించుతూ, "కండక్టర్ సాబ్, శానా దినాలైంది, పానం మంచిగున్నదా?" అని అడిగాడు. బాపు తలతిప్పి అతని వైపు చూశాడు. మంచిగున్నదన్నాడు. ఈసారి పత్తి ఎట్లున్నదని అడిగాడు. తడి ఎక్కువుందని హమాలీ చెబుతుంటే వింటూ ఉన్నాడు. వింటూనే చేయి ఒక గుర్రాన్ని బయటికి తెచ్చింది. ఇంకో గుర్రాన్ని తెచ్చింది. మంత్రి ముందు బంటును జరిపింది. కుడి అంచు బంటును జరిపింది. గుడ్డ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మున్షీ కాక పావుల వైపు చూశాడు. బాపు వైపు చూశాడు. మళ్ళీ పావుల వైపు చూశాడు. కండ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు. అద్దాలు పెట్టుకోకుండా కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

"ఇగో, గిప్పుడు వచ్చినవ్‌రా నువ్వు దవాఖాన నుంచి" అన్నాడు.

"ముచ్చట్లు మల్ల చెప్పు" అన్నాడు బాపు. "నీ నాలుగు పెట్టు."